గుట్ట మీద రైలు చూసినవాడు

పుట్టిన ఊరికి సగం చార్జీతో వెళ్ళొచ్చినవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే. మిగతా సగం మా ఆవిడ చర్చి వాళ్ళు పెట్టుకున్నారు. ఊరికే పెట్టుకోలేదు, నన్ను నేను అమ్ముకున్నాను. హైదరాబాద్‌లో రెండు వారాలు ఉచిత కంటి శిబిరం పెడుతున్నామని, పన్నెండు మంది వెళ్తున్నారని, తెలుగు వచ్చిన మనిషి మాత్రం దొరకడం లేదని ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చెప్పారు. నేను టీ కప్పు కింద పెట్టి లేచాను. "దుబాసీలు రోజుకెంత తీసుకుంటారో తెలుసా మీకు?" అన్నాను. వాళ్ళకి తెలియదు. నాకూ తెలియదు. పావుగంటలో బేరం తెగింది.

కొట్లో పుట్టి, కొట్లో పెరిగి, ముప్ఫై ఏళ్ళు సొంత కొట్టు నడిపినవాణ్ణి. అంతటివాణ్ణి ఆ ఉత్సాహంలో కాగితం చదవకుండా సంతకం పెట్టేశాను. బృందాన్ని విడిచి ఒంటరిగా ఎవరూ ఎక్కడికీ వెళ్ళరాదని రెండో పేజీలో ఉందట. ఆ సంగతి విమానం ఎక్కాక తెలిసింది. అంటే నేను కొన్నది పుట్టిన ఊళ్ళో దిగి, పుట్టిన ఊరు చూడకుండా వచ్చే టికెట్టు. దానికి సగం ధర కూడా ఎక్కువే.

మాది మలేషియా. ఇప్పుడు. నాకు పన్నెండేళ్ళప్పుడు మా నాయిన దుకాణం అమ్మేసి, అక్కడ సరుకుల కొట్టు నడిపే మా మేనమామ దగ్గరికి మమ్మల్ని తీసుకుపోయాడు. అమ్మానాయినా అక్కడే పోయారు. నేను చేసుకున్నది అక్కడి చైనా అమ్మాయిని, ఆమె పోయి రెండేళ్ళు. ఆమె కూర్చునే బెంచీ ఖాళీగా ఉంటే చూడలేక ఆదివారాలు నేనే పోయి కూర్చునేవాణ్ణి, నాకు వాళ్ళ పాటలు రాకపోయినా. నిరుడు మా అన్న కూడా పోయాడు. అన్నతో తెలుగు పోయింది. నేనుండే ఊళ్ళో నాతో తెలుగులో మాట్లాడే మనిషి లేడు. పొద్దున గడ్డం గీసుకుంటూ "ఏందిరా, గిట్లైనవ్?" అని అద్దంలోకి చూసి అనేవాణ్ణి. మన గొంతుతో మనల్ని పిలుచుకుంటే పలకబుద్ధి కాదు. నేను నిక్కరేసుకుని తిరిగినప్పుడు చూసినవాళ్ళు భూమ్మీద ఇంకా ఒక్కరైనా ఉంటే, వాళ్ళ నోట ఒక్కసారి "ఒరేయ్" అనిపించుకుని రావాలి. నా ప్రయాణం అందుకు. కళ్ళజోళ్ళు వాళ్ళ పని.

మా దుకాణం కొండాపూర్‌లో ఉండేది. ఇప్పుడు ఆ పేరు చెప్తే అద్దాల మేడలు, మెడలో కార్డులు వేసుకుని రోడ్డు దాటే పిల్లలు గుర్తొస్తారు. అప్పుడది జొన్నచేలు, రాళ్ళగుట్టలు, నడుమ నాలుగు వీధులు. మా దుకాణంలోకి అడుగుపెడితే ముందు గ్యాసునూనె వాసన, దాని వెనక చింతపండు, ఆ వెనక ఎండుమిర్చి ఘాటు. వీటన్నిటి కింద పరుపులా గోనెసంచుల వాసన. రాత్రి ఆ సంచుల మీదే పడుకునేవాళ్ళం, నేనూ అన్నా.

అన్న నాకన్న రెండేళ్ళు పెద్ద. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు చచ్చుబడింది. కాలు ఈడ్చి నడిచేవాడు. అందుకని గల్లాపెట్టె దగ్గర అన్న కూర్చునేవాడు, ఉరుకులు పరుగుల పని నాది. పెత్తనం వాడిది, చాకిరీ నాదని నేను ఏడుస్తుండేవాణ్ణి.

మా నాయిన గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనేవాడు కాదు. మొదటి మానికకు "లాభం" అనేవాడు. లాభం, రెండు, మూడు, నాలుగు. ఇంతవరకు పాత దుకాణాల్లో చాలామంది అనేదే. మా నాయిన ఇంకో మెట్టు ఎక్కాడు. ఆయన నోట ఏడు కూడా రాదు. పొద్దున్నే సరుకు ముందర కూర్చుని ఏడు ఏడు అంటే దుకాణం ఏడుస్తుందని ఆయన భయం. ఆరు తర్వాత "ఆరున్నొకటి" అని, ఎనిమిదికి దూకేవాడు. ఊరి పిల్లలకి ఇది మంచి ఆట. "సేటూ, పిప్పరమెంట్లు ఏడియ్యి" అని వచ్చేవాళ్ళు. ఆయన ఆరు ఇచ్చి, ఆగి, ఇంకొకటి ఇచ్చేవాడు. "ఎన్నయినయ్ సేటూ?" అని అడిగేవాళ్ళు. "నీకు సరిపోయినన్ని అయినయ్, పో" అనేవాడు. ఎవరైనా ఆయన నోట ఏడు అనిపిస్తే నేను గుప్పెడు పుట్నాలు ఇస్తానని పందెం పెట్టాను. పందేనికి వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి కొనక తప్పదు కదా. అప్పటికి నాకు పదేళ్ళు. ఆ తెలివి తర్వాత పెరగలేదు.

ఒకరోజు బోణీ వేళ, జొన్నలు కొలుస్తుంటే సంచుల వెనక నుంచి నేనే "ఏడు" అని అరిచాను. మా నాయిన మానిక కింద పడేసి, చెయ్యెత్తుకుని వచ్చాడు. "ఎవడ్రా?" అన్నాడు. "నేనే నాయినా" అన్నాడు అన్న. కాలు బాగాలేని పిల్లవాణ్ణి ఆయన కొట్టడు. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక తల గోక్కుని పోయాడు. ఆ రోజు నా వాటా బెల్లం అన్నకిచ్చాను. సగమే.

వెనక వసారాలో ఒకామె గింజలు చెరిగేది. పాతికేళ్ళుంటాయేమో, ఆ ఊరి మనిషే. మేం అక్కా అనేవాళ్ళం. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా చాట, రాళ్ళు, తవుడు. ఆమె చీర దగ్గరికి పోతే తవుడు వాసన, తంబాకు వాసన. పని లేని మధ్యాహ్నాలు మమ్మల్ని గుట్టకు తీసుకుపోయేది. గుట్ట మీంచి చూస్తే దూరంగా హఫీజ్‌పేట దిక్కున రైలు పోయేది, రోకలిబండ పురుగులా సన్నగా, నల్లగా. నా బాల్యమంతా కలిపి ఒక్క బొమ్మ గీయమంటే అదే గీస్తాను: అక్క చంకలో నేను, నా చెంపకు ఆమె భుజం మీది తవుడు గరగర, ఎదురుగా రైలు. నలభై ఏళ్ళ పైన ఆ బొమ్మ చూసుకునే నిద్రపోయాను. మా ఆవిడకి కూడా చెప్పాను. నన్ను కూడా ఒకరు ఎత్తుకున్నారు సుమా అని.

శిబిరం కొండాపూర్‌లోనే, ఆ పాత వీధుల మధ్య ఒక కమ్యూనిటీ హాల్లో పెట్టారు. వచ్చేవాళ్ళు మేడలు కట్టే కూలీలు, గేట్ల దగ్గర కాపలా ఉండేవాళ్ళు, ఆఫీసులు తుడిచే ఆడవాళ్ళు. మా బృందానికి పెద్ద ఒక చైనా టీచరమ్మ, లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. ఆమె తెచ్చిన అట్టల మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి. వాటిని చూసి జనం తలకాయలు దించుకున్నారు. "ఇది పనిచెయ్యదు" అన్నాను నేను. ఒక పళ్ళెంలో బియ్యం పోసి, నాలుగు రాళ్ళు కలిపి, "ఏరమనండి. ఏ కళ్ళజోడుతో ఏరగలిగితే అదే వాళ్ళ జోడు" అన్నాను. టీచరమ్మ నన్ను మొదటిసారి మనిషిని చూసినట్టు చూసింది.

మూడో రోజు పొద్దున వరసలో కూర్చున్నవాళ్ళకి చీటీలు పంచుతున్నాను. కొండాపూర్ గాలి తగిలిందో ఏమో, నాకు తెలియకుండానే నోరు లెక్కపెడుతోంది. "లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి..."

ఆ చీటీ అందుకోవలసిన ముసలామె చీటీ వదిలేసి నా మణికట్టు పట్టుకుంది.

"ఎవలు నువ్వు? గా లెక్క నీకెవలు నేర్పిన్రు?"

"మా నాయిన."

"దుకాణం సేటు కొడుకువా?"

పొరలు కమ్మిన కళ్ళు. పళ్ళు సగం లేవు. ఆ తంబాకు వాసన మాత్రం తిన్నగా నా ముక్కు దగ్గరికి వచ్చింది. "అక్కా" అన్నాను. అనగానే నా గొంతు పన్నెండేళ్ళ పిల్లవాడి గొంతయింది.

ఆమె లేవబోయింది. చీటీల కట్ట బల్ల మీద పెట్టి వచ్చి పట్టుకుందామని రెండడుగులు వేశాను. నాకిప్పుడు ఎడమ మోకాలు అరిగిపోయింది, కుంటుతాను. ఆమె ఆ రెండడుగులూ తల పక్కకు పెట్టి విన్నది.

"పెద్దోడా!" అన్నది. "నా పెద్దోడా! గదే నడక. నా కండ్లు పోయినయ్ గనీ చెవులు పోలే." వంగి నా మోకాలు రెండు చేతులా పట్టుకుంది.

కాదక్కా అనబోయాను. వెనక వరస అరుస్తోంది. "ఏందన్నా, చుట్టరికాలు తర్వాత చూస్కో, మాకు డ్యూటీ ఉంది!" టీచరమ్మ చప్పట్లు కొడుతోంది.

పళ్ళెం ముందు కూర్చోబెడితే అక్క జోడు పెట్టకముందే నాలుగు రాళ్ళూ ఏరి నేల మీద పడేసింది. టీచరమ్మ, చూపు బాగుంది, జోడు అక్కర్లేదు అని రాసుకుంది. నేను అడిగాను, "కనబడ్డయా అక్కా?"

"కండ్లతోని ఏరుతరా ఎవలన్నా? వేళ్ళతోని గదా."

నేనది ఇంగ్లీషులో చెప్తే టీచరమ్మ రాసింది కొట్టేసింది. దగ్గరి చూపుకు ఒక జోడు ఇచ్చి, పొరలు తీయించడానికి పెద్ద దవాఖానకు చీటీ రాసింది.

"ఇల్లు గీడనే, రెండు గల్లీలవతల. జర రొట్టె తిని పో" అన్నది అక్క. నేను టీచరమ్మ దగ్గర బేరానికి కూర్చున్నాను. ఆమె రెండో పేజీ అన్నది. నేను ఒక రోజు గిన్నెలు అన్నాను. ఆమె తల ఊపలేదు. మూడు రోజుల గిన్నెలు, శనివారం చార్మినార్ షికారు వదులుకోవడం దగ్గర తెగింది. ఒక గంట. అదీ ఆమె వెంట వస్తేనే. నా జీవితంలో ఇంత చవకగా లొంగిపోయింది ఎప్పుడూ లేదు.

గల్లీలో నడుస్తూ వాక్యం తయారుచేసుకున్నాను. "అక్కా, నేను పెద్దోణ్ణి కాదు, చిన్నోణ్ణి." తేలికే. ఐదు మాటలు.

ఒక్కటే గది. కూతురు ఏదో ఆఫీసులో హౌస్‌కీపింగ్ డ్యూటీకి పోయిందట. టీచరమ్మ గడప దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుంది, పరీక్షలకి కాపలా ఉన్నట్టు. అక్క కొత్త జోడు పెట్టుకుని నా మొహం రెండు చేతుల మధ్య పట్టుకుని ముక్కు దాకా లాక్కుంది. కనిపెడుతుంది, ఇప్పుడు కనిపెడుతుంది. ఒరేయ్ నువ్వారా అంటుంది.

"ముక్కు సేటుదే" అన్నది. "ముసలోనివైనవ్ బిడ్డా."

మా అన్నదమ్ములిద్దరికీ ఒకే ముక్కు.

జొన్నరొట్టె పెట్టింది. ఏరి ఏరి మాడినది పెట్టింది. "నీకు మాడిందే గావాలె గదా." నాకు మాడిన రొట్టె అంటే పడదు. నా మాడిన ముక్కలన్నీ అన్న పళ్ళెంలోకి తోసేవాణ్ణి. తిన్నాను. తింటూ నోరు విప్పాను. "అక్కా, నేను..."

"నువ్వు బతుకుతవని ఎవ్వలనుకోలే" అన్నది ఆమె. "గంత జ్వరం. నిన్ను గన్న మీ అవ్వ కూడ ఆశ ఇడ్సింది. నేనే మైసమ్మకు మొక్కిన, గీ పిలగాడు యాడున్నా సల్లగుంటే ఏటేటా నీకు బోనం ఎత్తుత తల్లీ అని. గీ మోకాళ్ళతోని పోయిన బోనాలకు గూడ ఎత్తిన. నీ కోసమే. జూడు, మొక్కు వట్టిగ వోలే. నా ముంగట గూసున్నవ్."

పోయిన బోనాలకు మా అన్న పోయి అయిదు నెలలు.

"ఏమంటోంది?" అని గడప దగ్గరి నుంచి టీచరమ్మ అడిగింది. నేను దుబాసీని. చెప్పాను, మాట మార్చకుండా. మా అన్న అంత్యక్రియలకి టీచరమ్మ వచ్చింది, పువ్వులు పట్టుకుని రెండో వరసలో నిలబడింది. నా మొహం చూసి, కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది.

"గుట్ట యాదికున్నదా?" అన్నది అక్క. "గిప్పుడు గుట్ట లేదు, బాంబులు వెట్టి పేల్చి మేడ గట్టిన్రు. నిన్ను సంకనేసుకొని ఎక్కుతుంటి. రైలు జూపిత్తుంటి. ఆ సిన్నోడు ఎనకాల ఏడ్సుకుంట నడుస్తుండె, నన్నూ ఎత్తుకో, నన్నూ ఎత్తుకో అని. రెండు కాళ్ళు మంచిగున్నోన్ని ఎవలెత్తుకుంటరు?"

నేను ఆ గదిలోనే కూర్చుని ఉన్నాను. కాని ఆ బొమ్మలోంచి నన్ను తీసి కింద పెట్టేశారు. చంక నాది కాదు. తవుడు గరగర, అదీ అన్న చెప్పిందేనా? గోనెసంచుల మీద పడుకుని వాడు చెప్తుంటే విని విని నాదనుకున్నానా? ఎన్నిసార్లు తవ్వినా ఇప్పటికీ తేలడం లేదు. కింద రాళ్ళు గుచ్చుకోవడం మాత్రం ఆ రోజే గుర్తొచ్చింది, కళ్ళ ముందు అక్క మడమల పగుళ్ళతో సహా.

"అవును, సిన్నోడు ఎట్లున్నడు?" అన్నది.

"బాగున్నడు."

"వాడు మస్తు హుషారు. బేరగాడు. నా దగ్గర ఏరిన పల్లీలు నాకే అమ్మజూసిండు. వాని గురించి నేనెప్పుడు ఫికర్ వడలే. లగ్గమైందా?"

"అయింది. మంచి పిల్ల."

"ఒక్కడే ఉంటడా, అందరుంటరా?"

"ఇంటి నిండా జనం అక్కా."

"గట్లుండాలె."

టీచరమ్మ మళ్ళీ అడిగింది, "ఏమడుగుతోంది?" "నా గురించి" అన్నాను. "నువ్వేం చెప్పావు?" "బాగున్నానని." ఆమె లెక్కల మనిషి, తప్పు ఎక్కడుందో చూడగానే తెలుస్తుంది. గోడవైపు చూసింది.

గంట అయింది. అక్క గడప దాకా వచ్చి నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. "మల్లొచ్చినప్పుడు సిన్నోన్ని గూడ తోల్కరా. అలిగిండేమో, ఎత్తుకోలేదని. ఎత్తుకుందామంటే నాకు చాతగాదు, గుట్టా లేదు. రొట్టెన్న పెడ్త."

"తోల్కొస్త" అన్నాను.

తిరిగి నడుస్తుంటే టీచరమ్మ అడిగింది, ఎందుకు చెప్పలేదని. దుబాసీ సొంత మాటలు కలపకూడదు కదా అన్నాను. ఆ సాయంత్రం నా బేరం ప్రకారం పదమూడు మంది గిన్నెలు కడగడానికి నిలబడితే, ఆమె వచ్చి పక్కన నిలబడి ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచింది. మూడు రోజులూ తుడిచింది.

ఇల్లు చేరి నెల దాటింది. ఎప్పుడో ఒకప్పుడు లెక్క చూసుకోక తప్పదు, చూశాను. సగం చార్జీ మిగిలిన మాట నిజం. ఊరు చూడలేదు, ఒక గది చూశాను. నా పేరున పిలిపించుకోవాలని పోయి, మా అన్న పేరున తిని వచ్చాను. నన్ను ఎత్తుకున్న మనిషి ఒకామె ఉండేది నాకు, ఇప్పుడు లేదు. దాని ధర కట్టడం నాకు చేతకాలేదు, కట్టకుండానే వదిలేశాను. అన్నకి దక్కింది మాత్రం పూర్తిగా దక్కింది: వాడు ఇంకా బతికి ఉన్న ఇల్లు ఒకటి ఈ లోకంలో ఉంది. వచ్చే బోనాలకి కూడా వాడి కోసం ఒకామె బోనమెత్తుతుంది.

మొన్న టికెట్లమ్మే ఆయనకి ఫోన్ చేసి, హైదరాబాద్‌కి ఒక మనిషికి చార్జీ ఎంత, పూర్తి చార్జీ, అని అడిగాను. చెప్పాడు. బేరమాడలేదు. అంత డబ్బు ఉంది నా దగ్గర. చిన్నోడు పోవచ్చు. పోయి గడపలో నిలబడి నేనక్కా అనవచ్చు. రొట్టె పెడుతుంది. మాడనిది పెడుతుంది. పెట్టి, పెద్దోడు ఎందుకు రాలేదు బిడ్డా అని అడుగుతుంది.

టికెట్టు కొనలేదు.